గోళకీ మఠంలో ‘గోళకి’ అంటే ఏమిటి?

నమస్కారమండీ. కాకతీయుల గురించి ఏది చదివినా ‘గోళకీ మఠం’ అనే మాట ఎదురవుతోంది. మఠం తెలుసు, గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శంభువు పేరూ విన్నాను. ఈ ‘గోళకి’ మాత్రం అంతుపట్టలేదు. గోళం అన్నారు కాబట్టి గుండ్రటి మఠం అనుకోవాలా, లేక అది ఊరి పేరా? తెలిసినవారు చెప్పగలరు.

*

మా తెలంగాణలో గోలెం అంటే నీళ్ల తొట్టి. దానికీ దీనికీ ఏమన్నా చుట్టరికం ఉందా? తమాషాకు కాదు, నిజంగానే అడుగుతున్నా.

*

మనుస్మృతిలో ‘గోళకుడు’ ఉన్నాడు కదండీ. భర్త బతికుండగా పరాయివాడికి పుట్టినవాడు కుండుడు, భర్త పోయాక అలా పుట్టినవాడు గోళకుడు. ఆ మాటకూ మఠానికీ లంకె ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు.

*

లంకె కుదరదు మాస్టారూ, కుదర్చనూ అక్కర్లేదు. తమ గురువుల వరసకు గొప్పగా చెప్పుకునే పేరు అది. తిట్టులాంటి మాటను ఎవరూ ఏరికోరి శాసనానికి ఎక్కించుకోరు. గోలెం అన్నవారికి కూడా అదే జవాబు: అక్కడ లకారం, ఇక్కడ ళకారం అన్న సంగతి అలా ఉంచినా, నీళ్ల తొట్టి దాకా వెళ్లేందుకు దారి కనిపించదు.

అసలు సంగతికి వస్తాను. ఈ మఠం మన దగ్గర పుట్టింది కాదు. దీని కథ మనకు ఎక్కువగా తెలిసేది గుంటూరు ప్రాంతంలోని మల్కాపురం శాసనం వల్ల. శక సంవత్సరం 1183, అంటే 1261. పెద్ద రాతిస్తంభం, పైన నంది. రుద్రమదేవి వేయించింది. అందులో గురుపరంపర అంతా ఉంది. భాగీరథికీ నర్మదకూ నడుమనున్న డాహల మండలంలో సద్భావ శంభువు అనే ఆచార్యుడికి కలచురి రాజు యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడట, ఆయన ఆ సొత్తుతో గోళకీ మఠం పెట్టాడట. మూడు లక్షలు అన్న లెక్కను నమ్మక్కర్లేదు, శాసనకవి చెయ్యి ధారాళం. కానీ రాజు భూమి ఇచ్చాడు, ఆ భూమి మీద మఠం నిలబడింది అన్నంత వరకు నమ్మవచ్చు.

ఇక పేరు. రెండు వాదాలున్నాయి. జబల్పూర్ దగ్గర భేడాఘాట్‌లో చౌసఠ్ యోగిని గుడి ఉంది. నిజంగానే గుండ్రంగా ఉంటుంది, చుట్టూ అరలు, నడుమ ఆరుబయలు. కలచురుల రాజధాని త్రిపురి అక్కడికి దగ్గరే. గోళాకారం కాబట్టి గోళకి, అది ఇదే అని కొందరు చరిత్రకారులు అన్నారు. మరికొందరు రీవా దగ్గర ఉన్న గుర్గీ అనే ఊరిని చూపించారు. గోళగి అన్న పేరే నలిగి గుర్గీ అయిందని వాళ్ల మాట. అక్కడా కలచురుల కాలపు శైవ మఠాల ఆనవాళ్లు ఉన్నాయి.

నా మొగ్గు గుర్గీ వైపే. గుడి గుండ్రంగా ఉంటే మఠానికి గుండ్రం అని పేరు పెడతారా అన్నది నా అనుమానం. అదే కలచురి రాజ్యంలో శోణ నది దగ్గర చంద్రేహేలో మత్తమయూర అనే శాఖ శైవుల మఠం ఇంకా నిలిచి ఉంది, 973 నాటి శాసనంతో సహా. అక్కడ గుడి గుండ్రం, పక్కనున్న మఠం మాత్రం నలుచదరం. (మత్తమయూరం అంటే మదించిన నెమలి. శైవులకు పేర్లు పెట్టడం బాగా వచ్చు.) అంటే ఆ నేలలో గుండ్రటి గుళ్లు ఒకటి రెండు కావు. అలాంటి చోట ‘గుండ్రటిది’ అని ఒక్కదాన్నే గుర్తుపట్టేలా పిలవడం కష్టం.

*

చాలా బాగుందండీ. ఇంకో సందేహం. వీళ్ల పేర్ల చివర శంభువు, శివుడు అని ఉంటోంది. అది బిరుదా?

*

దీక్షానామంలో భాగం. సిద్ధాంత శైవుల్లో (గోళకీవారు ఈ శాఖవారే) శివ, శంభు అని, కాలాముఖులనే మరో శైవ శాఖలో రాశి, శక్తి అని ఎక్కువగా కనిపిస్తాయి. పేరు చివర చూస్తే ఏ శాఖవారో చాలావరకు పోల్చుకోవచ్చు. సద్భావ శంభువు, సోమశంభువు, వామశంభువు, అలా దిగుతూ ధర్మశంభువు, ఆయన శిష్యుడు మన విశ్వేశ్వర శంభువు. గౌడదేశంలో రాఢ ప్రాంతపు మనిషి, అంటే నేటి బెంగాల్ వైపు నుంచి వచ్చాడు. చోళ, మాళవ రాజులు కూడా ఈయన శిష్యులేనని శాసనం చెప్పుకుంటుంది.

నాకు ఇంకా ముచ్చటగా తోచేది ‘వంశం’, ‘సంతానం’ అనే మాటల వాడకం. గోళకీ వంశం అంటారు, భిక్షామఠ సంతానం అంటారు. పెళ్లి చేసుకోని సన్యాసుల సంతానం! రక్తం పంచుకున్న కొడుకు కాదు, దీక్ష తీసుకున్న శిష్యుడే వారసుడు. ఆ లెక్కన దీక్ష పుచ్చుకున్న గణపతిదేవుడూ విశ్వేశ్వర శంభువుకు కొడుకే. రాజ్యమేలే చక్రవర్తి ఒక మఠాధిపతికి కొడుకు వరస కావడం ఆ కాలపు జనానికి వింతగా అనిపించి ఉండదు. మఠానికి అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వరస చూస్తే తెలుస్తుంది.

*

అన్నా, అంతా బాగానే ఉంది. రాజుగారి గురువు, రాజు ఇచ్చిన ఊళ్లు. జనానికి ఒరిగిందేమిటి? మఠం వేసుకుని కూర్చుని తినడమేగా.

*

తమ్ముడూ, మఠం వేసుకుని కూర్చోవడం నానుడిలో మిగిలింది గానీ, అదే మల్కాపురం శాసనం చెప్పే దానపు ఊరు మందడంలో మఠం కూర్చోలేదు. ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు: ఒకటి విశ్వేశ్వర దేవుడికి, ఒకటి శైవ మఠానికీ విద్యార్థులకూ, మూడోది ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ విప్రసత్రానికీ. 13వ శతాబ్దంలో కాన్పుల కోసం విడిగా ఒక శాల, దానికి శాసనంలో పద్దు! వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. కాయస్థుడంటే ఇక్కడ లెక్కలు రాసేవాడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరు ఏ వేళప్పుడు వచ్చినా అన్నం పెట్టాలని షరతు.

అలాగని అంతా సమానమే అని మురిసిపోకు. అగ్రహారంలో భూములు దక్కింది 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు. గుడిలో ఆడేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, ఊరికి కాపలా కాసేవాళ్లు, చేతిపనుల వాళ్లు, అందరికీ తలా ఒక పని, తలా ఒక మెట్టు. అన్నం అందరికీ ఉంది, భూమి అందరికీ లేదు. కాపలావాళ్లను వీరభద్రులన్నారు. వీరముష్టులన్న పేరూ అందులోనే ఉంది, ఆ పేరుతో కులం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది.

*

ఒక చిన్న చేర్పు. ఆ శాసనంలో దానం ఇచ్చిన ఊళ్ల పేర్లు కూడా భాషవాళ్లకు పనికొస్తాయి. మందరం నేటి మందడం. వెలంగపూండి నేటి వెలగపూడి, అదే సచివాలయం ఉన్న ఊరు. ‘పూండి’లో నిండుసున్న అరసున్నగా సన్నబడి ‘పూఁడి’ అయింది, తర్వాత అదీ పోయి ‘పూడి’ మిగిలింది. వెలంగలోనూ సున్న జారిపోయింది. ఊరి పేర్ల చివర పూడి ఉన్నచోట పాత శాసనం దొరికితే అక్కడ పూండి ఉందేమో చూడండి.

*

పూడికి అర్థం ఏమిటో కూడా చెబుతారా? దానికి వేరే చర్చ మొదలుపెట్టమంటే పెడతాను.

*

పెట్టండి. గోళకి కంటే పెద్ద పేచీ అవుతుంది అది.