ఏం గీశారో మీకే తెలియకపోతే గోడకెందుకు తగిలించారు?

నల్లసిరా
జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ షాపు వాళ్లు నా బొమ్మలు కొన్ని గోడకు పెట్టారు. ఆదివారం ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు చూసి, "దీని అర్థం ఏంటమ్మా?" అన్నారు. తెలియదండీ అన్నాను. "గీసినవాళ్లకే తెలియకపోతే గోడకెందుకు తగిలించారు?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. అప్పటి నుంచి అదే మాట బుర్రలో తిరుగుతోంది.

నేను గీసే పద్ధతి చెప్తా. నైట్ షిఫ్ట్ అయ్యాక నిద్ర పట్టదు. కాగితం బాగా తడిపి, నల్ల సిరాలో ముంచిన బ్రష్ ఒకచోట ఆనిస్తాను. సిరా దానంతట అదే పాకుతుంది. పాకిన చోట ఏదో కనబడుతుంది: ఒక ముక్కు, బావి గట్టు, తలుపు సందు. ఆరాక పెన్నుతో దాని వెంట పోతాను. ముందు ప్లాన్ అంటూ ఉండదు. బొమ్మ ఫొటో కింద పెట్టాను. దీన్ని కళ అనొచ్చా, అనకూడదా?

కోఠీ_కాగితం
బాగుంది మేడం. కాగితం ఏ జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు)?

చార్‌కోల్_అన్న
ఫొటో పెద్దది చేసి చూశాను. కింద ఎడమ మూలలో మెట్ల దగ్గర పెన్సిల్ గీత ఉంది. ప్లాన్ లేదన్నారు కదా, పెన్సిల్ ఎందుకొచ్చింది?

చూసేవాళ్లకు "లోపలి నుంచి వచ్చింది" అంటే చాలు, మారుమాట ఉండదు. కానీ ఈ దారి వేసినవాళ్లు అంత అమాయకులు కారు. 1924లో పారిస్‌లో రచయిత ఆంద్రే బ్రెతాఁ, కలల్నీ అచేతన మనసునీ కళలోకి తెచ్చిన సర్రియలిస్టుల మేనిఫెస్టో రాసేనాటికే చిత్రకారుడు ఆంద్రే మాసాఁ కలాన్ని కాగితం మీద ఆపకుండా పరుగెత్తించి బొమ్మలు వేస్తున్నాడు. ఆయన బ్రస్సెల్స్ అకాడమీలో, పారిస్‌లో చదువుకున్న మనిషి. చెయ్యి తయారయ్యాక దాన్ని వదిలేయడం వేరు, తయారు కాకుండానే వదిలేయడం వేరు.

నల్లసిరా
పెన్సిల్ తర్వాత వచ్చింది సార్. సిరా ఆరాక, మెట్లు ఎక్కడ ఆపాలో మర్నాడు గుర్తు పెట్టుకున్నాను. అది ప్లాన్ ఎలా అవుతుంది?

చదువు సంగతికొస్తే, ఆ సర్రియలిస్టుల్లోనే చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ ఏ ఆర్ట్ కాలేజీకీ వెళ్లలేదు, బాన్‌లో ఫిలాసఫీ చదివాడు. అంతెందుకు, టాగోర్‌ని చూడండి. రాతప్రతుల్లో కొట్టివేసిన మాటల్ని ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే అవే పక్షులు, జంతువులు అయ్యాయి. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టేనాటికి ఆయనకు డెబ్భై దగ్గరపడింది. ఆయన్నెవరూ డిగ్రీ అడగలేదు.

చార్‌కోల్_అన్న
టాగోర్ పేరు వస్తుందని నాకు ముందే తెలుసు. ఆ ఇంట్లో పెరగడమే ఒక కాలేజీ అండీ. చిత్రకారులు అబనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఆయనకు వరసకు అన్న కొడుకులు. శాంతినికేతన్‌లో కళాభవన్ అనే చిత్రకళా బడి పెట్టించింది ఆయనే. రాత్రిళ్లు యూట్యూబ్ చూసి మొదలెట్టినవాళ్లకూ ఆయనకూ పోలికా?

పెన్సిల్ గీత సంగతి మాత్రం తేలలేదు. సిరా గీత కింద ఉంది అది. పైన కాదు.

నల్లసిరా
యూట్యూబ్ అని నేనెక్కడన్నాను?

కోఠీ_కాగితం
నేనూ జూమ్ చేశా. పెన్సిలే. పైనా కిందా అనేది ఫొటోలో తెలియదు.

చుక్కలముగ్గు
మా అత్తగారు రోజూ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తారు, చుక్కలు పెట్టకుండా. చెయ్యి ఎటు తిరిగితే అటు. దాని అర్థం ఏంటని పాలవాడు కూడా అడగడు. బొమ్మకే ఈ విచారణ ఎందుకో.

నారాయణగూడ_నాని
ముగ్గును ఎవరూ అమ్మరు కాబట్టి అడగరు ఆంటీ 😀

మన హైదరాబాద్‌లోనే పి.టి. రెడ్డి గారు ఉండేవారు. తంత్రం మీద ఆయన వేసిన బొమ్మలు చూశారా ఎవరైనా? బిందువు, త్రికోణం, పాము. చూస్తే ఏదో లోతులోంచి వచ్చినట్టే ఉంటాయి. కానీ ఆ గుర్తుల వెనక ఒక శాస్త్రం ఉంది. ఆయన బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో నేర్చుకుని వచ్చారు. నిగూఢం అంటే ఏమీ తెలియకపోవడం కాదు అనేది నా పాయింట్.

చార్‌కోల్_అన్న
నాని చెప్పింది రైట్.

ఇంకో సంగతి. నేను స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. పిల్లలకు కాగితాలిచ్చి "మనసుకు ఏది తోస్తే అది వెయ్యండి" అంటే ఏం వేస్తారో తెలుసా? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన కొబ్బరిచెట్టు. క్లాసంతా అదే. వాళ్లలో చాలామంది కొండల మధ్య సూర్యుడు పొడవడం చూసే ఉండరు. చేతిని వదిలేస్తే అది అలవాటైన చోటికే పోతుంది, లోతుకు పోదు. పెద్దవాళ్లకూ అంతే. "లోపలి నుంచి" అంటూ వేసిన బొమ్మల్లో సగం ఒక కన్ను, ఒక సుడి, ఆకుల్లేని చెట్టు. అది అచేతన మనసు కాదు, ఎక్కడో చూసిన క్యాలెండర్.

మీరు చెప్పిన ఎర్న్‌స్ట్‌కి ఇది తెలుసు. అందుకే 1925లో చెక్కనేల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాడు. ఆ చెక్క గీతలు ఆయన చేతి అలవాటులోంచి వచ్చినవి కావు. అలవాటు తెంపుకోవడానికి ఒక పద్ధతి కావాలి.

నల్లసిరా
మీరిప్పుడు నా మాటే చెప్పారు! నేను తడి కాగితం వాడేది అందుకే. పొడి కాగితం మీదైతే నేనూ కన్నే వేస్తాను. తడి మీద సిరా నా మాట వినదు. కాటన్ కాగితం మీద ఒకలా పాకుతుంది. మామూలు కార్ట్రిడ్జ్ షీటు మీదైతే వెంటనే ఇంకిపోయి నూగు లేస్తుంది, పెన్ను పెడితే పీచు ముక్కుకు చుట్టుకుంటుంది. నేను చేసేది పద్ధతి కాకపోతే మరేంటి?

చార్‌కోల్_అన్న
పద్ధతే. అయితే పద్ధతి అనండి. "ప్లాన్ లేదు, తెలియదు" అనకండి. స్పెయిన్ చిత్రకారుడు మిరో 1925లో వేసిన "ప్రపంచ జననం" చూడండి. రంగు ఒలకబోసి, కారనిచ్చి, అప్పటికప్పుడు పుట్టినట్టు ఉంటుంది. దానికీ నోట్‌బుక్‌లో ముందస్తు స్కెచ్ ఉంది. కాబట్టి పెన్సిల్ వాడటం తప్పని నేననడం లేదు. దాచడం తప్పు.

నల్లసిరా
దాచి ఉంటే ఫొటోలో మీకు కనబడేదా? పొద్దున్నుంచి ఒక్క పెన్సిల్ గీత పట్టుకుని వేలాడుతున్నారు. మీకు అసలు కోపం దేని మీద?

గచ్చిబౌలి_గుడ్లగూబ
అన్నా, జర నీళ్లు తాగు.

చార్‌కోల్_అన్న
అడిగారు కాబట్టి చెప్తాను.

నేను ఫైన్ ఆర్ట్స్ చదివే రోజుల్లో కలల్ని గీసేవాణ్ణి. నాన్న పోయిన ఏడాది. నీళ్లు లేని చెరువు, అందులో మంచాలు. వరసగా అవే వచ్చేవి. ఫైనల్ జ్యూరీలో "మంచాలెందుకు?" అని అడిగారు. తెలియదు సార్ అన్నాను. "తెలియనప్పుడు ఎందుకు వేశావు" అని అందరి ముందూ నవ్వి మార్కులు కోశారు. సరే అని కుండ, వంకాయలు, మడతపెట్టిన గుడ్డ వేసి గట్టెక్కాను. ఇప్పటికీ పిల్లలకు అవే నేర్పుతున్నాను.

మొన్న సంక్రాంతి తర్వాత మీరు చెప్పిన ఆ కాఫీ షాపుకే వెళ్లాను. ఫొటోలో ఆ ఇటుక గోడ చూడగానే గుర్తుపట్టాను. బొమ్మలు చూపిస్తే ఓనరు, "మీ కాన్సెప్ట్ ఏంటి, ఒక పేజీ రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చాను. ఫోన్ రాలేదు. మీ బొమ్మ పక్కన కార్డు మీద ఏం రాసుంది? "అంతరంగపు చీకటి నుంచి నేరుగా." దాని కింద 18,000 రూపాయలు. నేను తెలియదంటే మార్కులు పోయాయి. మీరు తెలియదంటే అది మిస్టరీ అయింది.

చుక్కలముగ్గు
అయ్యో. ఇది మొదటే చెప్పాల్సింది బాబూ.

నల్లసిరా
గోడ దక్కలేదని నా పెన్సిల్ మీద పడ్డారన్నమాట.

ఆ గోడ నాకెందుకొచ్చిందో చెప్తా వినండి. ఓనరు మా టీమ్ లీడ్‌కి బావమరిది. నన్ను కాన్సెప్ట్ అడగలేదు. కార్డు వాళ్లే రాశారు, నాకూ నచ్చలేదు. మొహమాటానికి ఊరుకున్నాను.

కానీ "తెలియదు" అనడం నాకు ఊరికే దొరికిన సుఖం అనుకోకండి. నేను టెస్టింగ్‌లో ఉన్నాను. ప్రతి బగ్‌కీ కారణం రాయాలి. ఎందుకు వచ్చింది, ముందే ఎందుకు పట్టలేదు, మళ్లీ రాకుండా ఏం చేస్తావు. ఇంటికొస్తే ఎందుకు లేటు, పెళ్లి ఎందుకొద్దు. రోజంతా జవాబులే. ఒక్క కాగితం ముందు మాత్రమే ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అక్కడికీ వచ్చి అర్థం చెప్పమంటే ఎలా? మిమ్మల్ని జ్యూరీ అడిగిన ప్రశ్నే కదా ఇప్పుడు మీరు నన్ను అడుగుతున్నది?

నారాయణగూడ_నాని
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు ఇద్దరూ.

స్విస్ మనస్తత్వవేత్త యూంగ్ తన 'ఎర్ర పుస్తకం'లో ఇలాంటి బొమ్మలే ఏళ్ల తరబడి వేసుకున్నాడు. బతికుండగా అచ్చు వేయలేదు, అది బయటికొచ్చింది 2009లో. తను చేస్తున్నది ఏమిటని అనుకుంటుంటే లోపలి నుంచి ఒక ఆడ గొంతు "ఇది కళ" అందట. కాదని వాదించాడు. కళ అనకపోతే అర్థం అడిగేవాళ్లే ఉండరు. ఇంట్లో పెట్టుకుంటే గొడవే లేదు.

నల్లసిరా
అంటే ఆడవాళ్లు వేసినవి బీరువాలో పెట్టుకోవాలా నానిగారూ? స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ అదే చేసింది. 1906లోనే నైరూప్య చిత్రాల పెద్ద వరస మొదలుపెట్టి, తను పోయాక ఇరవై ఏళ్ల దాకా చూపించొద్దంది. ఈలోపు నైరూప్య చిత్రం మొదలుపెట్టిన పేరు రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీకి పోయింది. నేను చూపిస్తాను. అమ్ముతాను కూడా.

నారాయణగూడ_నాని
నేనలా అనలేదు మేడం, యూంగ్ మగాడే కదా.

గచ్చిబౌలి_గుడ్లగూబ
పెన్సిల్ పైనా కిందా? నేను దానికోసమే చదువుతున్నా.

చార్‌కోల్_అన్న
పెన్సిల్ వదిలేయండి.

నల్లసిరాగారూ, ఇంట్లో కాగితం ముందు మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. ఒప్పుకుంటాను. నన్నూ అడగకుండా ఉండాల్సింది. కానీ 18,000 అని రాశాక అది మీ గది కాదు, అంగడి. డబ్బు పెట్టేవాడు అడుగుతాడు. జ్యూరీకీ కొనేవాడికీ తేడా ఉంది. జ్యూరీ నా బతుకు మీద కూర్చుంది. కొనేవాడు నచ్చకపోతే కాఫీ తాగి పోతాడు.

నల్లసిరా
అడగొద్దని నేననను. నేను తెలియదనే చెప్తాను. ఇష్టముంటే కొంటారు.

కార్డు తీసేయమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ధర మాత్రం తీయను. ఆ మంచాల బొమ్మలు ఇంకా ఉన్నాయా మీ దగ్గర?

చార్‌కోల్_అన్న
అటక మీద ఉన్నాయి. చెదలు పట్టకపోతే.

నల్లసిరా
ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మంచాలెందుకని అడగను.

చార్‌కోల్_అన్న
పెడతాను. కానీ మీ ధర ఎక్కువే. ఆ మాట వెనక్కి తీసుకోను.

కోఠీ_కాగితం
కాగితం జీఎస్ఎమ్ ఎవరూ చెప్పలేదు.

నల్లసిరా
300, కాటన్.