‘అనగననగ రాగ’ మొదటి పాదంలో యతి ఎక్కడుంది?

ప్రశ్న:
మా పాప ఎనిమిదో తరగతి. వేమన పద్యానికి గణ విభజన (పాదాన్ని చిన్న అక్షరాల గుంపులుగా విడగొట్టడం) చేసి, భావం రాసుకురమ్మన్నారు.

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

ఆటవెలది అనే ఛందం అని తెలుసు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరాలి, అదే యతి. రెండో పాదంలో తి–తి, మూడో దానిలో సా–స దొరికాయి. మొదటి పాదంలో నాలుగో గణం ‘మ’తో మొదలవుతోంది. ‘అ’కి ‘మ’ ఎలా కుదురుతుంది? రాత్రి పదింటిదాకా కూర్చున్నా తేలలేదు. పైగా పాప, “వేపాకు ఎన్నిసార్లు తిన్నా చేదే కదమ్మా, ఈయన తియ్యగా ఉంటుందంటాడేంటి?” అంది. ఏం చెప్పను?

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు):
అమ్మా, యతి ఉంది, సంధిలో దాక్కుంది. రాగము + అతిశయిల్లు కలిసి ‘రాగమతిశయిల్లు’ అయింది. ఆ ‘మ’లో ఉన్నది ‘అతిశయిల్లు’లోని అకారం. మొదటి అక్షరం ‘అ’కి అదే యతి. ఇక గణాలు: అనగ, ననగ, రాగ మూడూ సూర్య గణాలు (న, న, హ; ‘న’ అంటే మూడు లఘువులు, ‘హ’ అంటే గురువు, లఘువు. లఘువంటే పొట్టిగా పలికే అక్షరం, గురువంటే సాగదీసి లేదా ఊది పలికేది). మతిశయి అన్నది నగ (మూడు లఘువులు, గురువు), ల్లుచునుండు అన్నది సల (రెండు లఘువులు, గురువు, లఘువు). ఈ రెండూ ఇంద్ర గణాలు. ‘యి’ పక్కన ఒత్తున్న ‘ల్లు’ ఉంది కాబట్టి ‘యి’ గురువు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

భావం దగ్గర ‘ప్రయత్నిస్తే అన్నీ వస్తాయి’ అని ఒక్క ముక్కలో రాయించకండి. పద్యం పైకి చదివించండి. అనగననగ అంటే వరుసగా ఆరు లఘువులు, నోట్లో అదే మాట మళ్లీ తిరగాలి. తినగ తినగ కూడా అంతే. ‘సాధన’ అనే మాట మూడో పాదంలో వస్తుంది గానీ, అప్పటికే నోటితో సాధన చేయించేశాడు వేమన. పాప ప్రశ్న చాలా మంచిది. పాడగా పాడగా రాగం మెరుగవుతుంది. వేప మాత్రం మారదమ్మా, తినేవాడి నాలుక మారుతుంది. చదువులో ఈ రెండూ జరుగుతాయి.

జవాబు (ఇంకొకరు):
మాస్టారు చెప్పింది నాకు అనుభవమే. చిన్నప్పుడు మా తాతయ్య వేప పుల్లతో పళ్లు తోమించేవాడు. మొదటి వారం ఉమ్మి ఉమ్మి ఏడ్చాను. తర్వాత పేస్టుతో తోముకుంటే నోరు శుభ్రపడినట్టే అనిపించేది కాదు. పాపకి ఇది చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ మాస్టారూ. పాప నాలుగో పాదం తనే వేసింది: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. అయిదూ సూర్య గణాలే. సరేనా?

మాస్టారు:
సరిగ్గా వేసింది. వి–వి కింద గీత గీయమనండి.