ఒకే లీఫ్‌కి ఒక 100జీ, ఒక 40జీ అప్‌లింక్ పెట్టొచ్చా? పైగా ఫైబర్ కూడా తలో రకం

నైట్‌షిఫ్ట్_బాబు:
అన్నలూ, మాది ఆరు లీఫ్‌లు (సర్వర్లు తగిలే స్విచ్‌లు), రెండు స్పైన్‌లు (ఆ లీఫ్‌లన్నిటినీ కలిపే స్విచ్‌లు) ఉన్న చిన్న సెటప్, దారి ఎంచే రూటింగ్ ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్. స్పైన్‌లు 100జీవి (సెకనుకు 100 గిగాబిట్లు) వేశాం కానీ ఎస్‌ఆర్4 మాడ్యూల్స్ (పోర్టులో పెడితే ఫైబర్‌లోకి వెలుగు పంపేవి) ఒకటి తక్కువ పడింది. అందాక చివరి లీఫ్‌కి స్పైన్-1 వైపు 100జీ, స్పైన్-2 వైపు స్టాక్‌లో పడున్న 40జీ వేసేద్దామంటున్నాడు మా మేనేజర్. ఆ లీఫ్‌కి ఉన్న ట్రంక్ (పొడవాటి ప్రధాన కేబుల్) పాత ఓఎం3 మల్టీమోడ్ ఫైబర్, దాదాపు 85 మీటర్లు. ప్యాచ్ కార్డులు (చివర్లో తగిలించే పొట్టి కేబుళ్లు) కొత్తవి, ఓఎం4. ఇది చాలదన్నట్టు సర్వర్ల 25జీ ఎస్‌ఆర్‌కి ఎల్‌సీ కనెక్టర్ కార్డులు చాలక, కేబులింగ్ కాంట్రాక్టర్ పసుపు రంగువి ఒక డబ్బా తెచ్చి "కనెక్టర్ పడుతోంది కదా సార్" అంటున్నాడు. ఏది ఓకే, ఏది కాదు?

గాజుతీగ:
ముందు ఆ పసుపు డబ్బా వెనక్కి పంపెయ్ తమ్ముడూ. కనెక్టర్ పడుతుంది, వెలుగే పట్టదు. అది సింగిల్ మోడ్ ఫైబర్, కోర్ (వెలుగు పోయే మధ్య భాగం) 9 మైక్రాన్లు. ఎస్‌ఆర్ మాడ్యూల్ 850 నానోమీటర్ల వెలుగుని 50 మైక్రాన్ల కోర్ కోసం వదులుతుంది. అసలు లింక్ రాకపోతే అదృష్టం, కార్డు పొట్టిది కదా అని ఒక్కోసారి లేచి, సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పోగేసుకుంటూ కూర్చుంటే ఆ టెన్షన్ నీది.
ఓఎం3, ఓఎం4 కలపడంలో తప్పేం లేదు, రెండూ 50 మైక్రాన్లే. కాకపోతే మొత్తం లింక్‌ని ఓఎం3గానే లెక్కేసుకో. అక్కడే నీకు చిక్కు: 100జీ ఎస్‌ఆర్4 ఓఎం3 మీద 70 మీటర్లే, ఓఎం4 అయితే 100. 40జీ ఎస్‌ఆర్4కి మాత్రం ఓఎం3 మీద కూడా 100 మీటర్లుంది. రంగు చూసి ఓఎం4 అనుకోకు, ఆక్వా రంగులో రెండూ వస్తాయి, జాకెట్ మీద ప్రింట్ చదువు.

అప్‌లింక్_అప్పారావు:
85 మీటర్లలో 100జీ మా దగ్గర ఓఎం3 మీదే నడుస్తోంది, ఏమీ కాలేదు. మరీ భయపెట్టకండి గురూ.

గాజుతీగ:
నడుస్తుంది, ఎందుకంటే ఎస్‌ఆర్4లో ఆర్‌ఎస్-ఎఫ్‌ఈసీ తప్పులు దిద్దుకుంటూ పోతుంది. ఎఫ్‌ఈసీ కౌంటర్లు ఒకసారి తీసి చూడండి, కరెక్టెడ్ ఎంత వేగంగా పెరుగుతోందో. అన్‌కరెక్టెడ్ కదలడం మొదలైతే ప్యాకెట్లు పోతున్నట్టే. ఓఎం4 మీద 100 మీటర్లకే మొత్తం లాస్ బడ్జెట్ (దారిలో ఎంత వెలుగు పోయినా ఫర్లేదన్న హద్దు) 1.9 డీబీ, మధ్యలో రెండు క్యాసెట్లు (కేబుళ్లు కలిపే పెట్టెలు), కాస్త దుమ్ము ఉంటే అదీ మిగలదు.

హాప్‌కౌంట్:
ఫైబర్ సంగతి సరే, నాకు అసలు భయం స్పీడ్ దగ్గరే. ఓఎస్‌పీఎఫ్‌లో రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ (దాన్ని లింక్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేది దారి కాస్ట్, కనీసం 1; తక్కువ కాస్ట్ దారే గెలుస్తుంది) చాలా బాక్సుల్లో డిఫాల్ట్‌గా 100 ఎంబీపీఎస్ ఉంటుంది, అంటే 40కీ 100కీ కాస్ట్ 1 అనే వస్తుంది, ఈసీఎంపీ (సమాన కాస్ట్ దారుల మధ్య ట్రాఫిక్ పంచే పద్ధతి) చెరి సగం పంచుతుంది. మొత్తం ట్రాఫిక్ 80జీ చేరేసరికి 40 నిండిపోతుంది, పక్కన 100లో ఇంకా 60 ఖాళీగా ఉంటుంది. గ్రాఫ్‌లో 140 కనిపిస్తుంది, నీకు దక్కేది 80. పోనీ రిఫరెన్స్‌ని 100జీకి పెంచావనుకో, 100కి కాస్ట్ 1, 40కి 2 అవుతుంది, అప్పుడు 40 పడుకుంటుంది, 100 పోతేనే లేస్తుంది.
పైగా ఇది ఆ లీఫ్‌లో సరిచేస్తే పోయే జబ్బు కాదు. మిగతా ఐదు లీఫ్‌లూ దానికి పంపే ట్రాఫిక్‌ని రెండు స్పైన్‌లకీ సగం సగమే పంపుతాయి, స్పైన్-2 దగ్గరికి 100జీలో వచ్చింది 40లోంచి దిగాలి, బఫర్ నిండితే డ్రాపులే. స్పైన్-2లో ఆ పోర్టు అవుట్‌పుట్ డిస్కార్డ్స్ (పారేసిన ప్యాకెట్ల లెక్క) చూడు, లీఫ్‌లో ఏమీ కనపడదు. ఓఎస్‌పీఎఫ్ బదులు బీజీపీ అనే రూటింగ్ ప్రోటోకాల్ అయితే లింక్ బ్యాండ్‌విడ్త్ కమ్యూనిటీతో (లింక్ స్పీడ్ చెప్పే గుర్తు) వెయిటెడ్ ఈసీఎంపీ (స్పీడ్‌ని బట్టి పంచడం) చేయొచ్చు, దానికీ అన్ని బాక్సులూ సపోర్ట్ చేయాలి. ఒక్క మాడ్యూల్ కోసం అంత అవసరమా? ఆ లీఫ్‌కి రెండు వైపులా 40 వేసెయ్. స్పీడ్లు లీఫ్‌కీ లీఫ్‌కీ తేడాగా ఉండొచ్చు, ఒకే లీఫ్ లోపల తేడా వద్దు.

నైట్‌షిఫ్ట్_బాబు:
అంటే అప్పుడు కూడా వచ్చేది 80జీయే, కానీ రెండు దారులూ సమానంగా నిండుతాయి. పైగా 85 మీటర్ల గొడవ కూడా ఉండదు. సూపర్. మరి 100, 40 కలిపి ఎల్‌ఏసీపీ బండిల్ (రెండు లింకుల్ని ఒకటిగా చూపే కట్ట) చేస్తే?

హాప్‌కౌంట్:
చాలా స్విచ్‌లు స్పీడ్ కలవని పోర్టుని సస్పెండ్‌లో పెట్టేస్తాయి, కాబట్టి వద్దు. ఇంకోటి, 100జీ పోర్టులో 40జీ మాడ్యూల్ పెట్టాక కొన్ని బాక్సుల్లో స్పీడ్ చేత్తో సెట్ చేయాలి, లేకపోతే లింక్ రాదు. స్పైన్ వైపు కూడా మర్చిపోకు.

గాజుతీగ:
కొత్త ట్రంక్ లాగే మాట ఎప్పుడైనా వస్తే ఓఎస్2 (సింగిల్ మోడ్ ఫైబర్) వేయించు. ఆప్టిక్స్‌కి కాస్త ఎక్కువవుతుంది, కానీ 500 మీటర్ల డీఆర్, 2 కిలోమీటర్ల ఎఫ్‌ఆర్ మాడ్యూల్స్ దాని మీదే నడుస్తాయి, 400జీ వచ్చినా ట్రే మళ్ళీ తెరవక్కర్లేదు. అప్పుడు ఆ పసుపు డబ్బా తెప్పించుకో.