గ్రానైట్ నేలలో వీఈఎస్ కర్వ్ 45 డిగ్రీలు దాటి లేస్తోంది, కారణం తేల్చేదెలా?

నల్గొండ జిల్లాలో బోరు పాయింటు కోసం ష్లంబర్జర్ పద్ధతిలో రెసిస్టివిటీ సర్వే (వీఈఎస్, అంటే నేలలోకి కరెంటు పంపి లోతు పొరల విద్యుత్ నిరోధకత కొలవడం) చేస్తున్నాను. పైన మీటరు మందం ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్. లైను తూర్పు-పడమరగా వేశాను.

ఏబీ/2 (సెంటర్ నుంచి కరెంటు ఎలక్ట్రోడ్ దూరం) 20 మీటర్ల దగ్గర రెసిస్టివిటీ 62 ఓం-మీటర్లు, 30 దగ్గర 88. ఇంతవరకూ బాగానే ఉంది. 40 దగ్గర 160, 60 దగ్గర ఏకంగా 410! లాగ్-లాగ్ గ్రాఫ్ మీద ఇది 45 డిగ్రీలు దాటిపోతోంది. కింద రాయి ఎంత గట్టిదైనా, పొరలు సమతలంగా ఉంటే కర్వ్ అంత నిటారుగా లేవకూడదు కదా. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక మోడల్ ఇస్తోంది గానీ ఎర్రర్ 18 శాతం కంటే తగ్గడం లేదు, దాన్ని నమ్మి బోరు వేయించమని ఎవరికీ చెప్పలేను.

ఎలక్ట్రోడ్ల చుట్టూ ఉప్పునీళ్లు పోశాను. కేబుల్ మార్చాను. కరెంటు దిశ తిప్పినా, పెంచి తగ్గించినా వీ/ఐ (వోల్టేజి, కరెంటుల నిష్పత్తి) మారలేదు. ఎంఎన్/2ను (సెంటర్ నుంచి వోల్టేజి ఎలక్ట్రోడ్ దూరం) 1 నుంచి 5 మీటర్లకు మార్చినప్పుడు 40 దగ్గర రెండు రీడింగులూ దాదాపు కలిశాయి. దగ్గర్లో కరెంటు లైను, ఇనుప పైపు లేవు.

నా అనుమానమల్లా సెంటర్‌కు తూర్పున 35 మీటర్ల దూరంలో ఉత్తర-దక్షిణంగా పోతున్న డోలరైట్ డైక్ (గ్రానైట్‌లోకి గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి) మీదే. నల్లరాళ్ల వరుస పైకే కనిపిస్తోంది. దానికి సమాంతరంగా ఇంకో లైను వేద్దామంటే అటూ ఇటూ నాట్లేసిన మళ్లు, రైతు ఒప్పుకోవడం లేదు (ఆయన్ని తప్పుపట్టలేను).

ఇదే లైను మీద ఎలక్ట్రోడ్లు ఎలా పెట్టి కొలిస్తే డైక్ ప్రభావం ఎంతో విడిగా తెలుస్తుంది?