డాబా మీద 51, ఫోనులో 43: ఏది నమ్మాలి?

ప్రశ్న
మాది రెంటచింతలకు దగ్గర్లోని పల్లె. నిన్న మధ్యాహ్నం డాబా పిట్టగోడకు తగిలించిన థర్మామీటర్ 51 డిగ్రీలు చూపించింది. ఫోనులో చూస్తే 43, టీవీలో 45. మా అబ్బాయి ఫొటో తీసి ‘దేశ రికార్డు’ అని బంధువులందరికీ పంపేశాడు. ప్రభుత్వమే తగ్గించి చెబుతోందని మా మరిది వాదన. ఇంతకీ తప్పు ఎవరిది?

జవాబు
అమ్మా, ముందు ఆ ఫొటో తీసేయించండి. నేను వాతావరణ పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీ థర్మామీటర్ అబద్ధమాడలేదు, కానీ అది చెప్పింది గాలి వేడి కాదు, తన ఒంటి వేడి. మీద ఎండ, వెనక కాలిన సిమెంటు గోడ. అక్కడ ఏది పెట్టినా 50 దాటుతుంది.

మేము కొలిచేది నీడలోని గాలిని. తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె, గాలి ఆడేలా చుట్టూ వాలు పలకలు, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు ఎండ లోపల పడకుండా. లెక్కలోకి వచ్చేది ఆ పెట్టెలోని అంకే.

దేశ రికార్డు రాజస్థాన్‌లోని ఫలోదీది: 2016 మే 19న 51.0. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలక వాతావరణ కేంద్రం (మనిషి లేకుండా యంత్రమే కొలిచేది) 52.9 చూపించి గగ్గోలు పుట్టించింది. ఆ రోజు నగరంలో మిగతాచోట్ల 45 నుంచి 49 వరకే ఉంది. పక్కవాళ్లెవరూ ఎక్కని మెట్టు ఒక్కరే ఎక్కారంటే మాకు అనుమానం రావాలి. ప్రామాణిక పరికరం పక్కన పెట్టి చూస్తే సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. ఆ వెంటనే నాగపూర్‌లో ఒక కేంద్రం చూపించిన 56 కథా అంతే.

ప్రశ్న
బాబాయి గారూ, యంత్రాలు కాబట్టి తప్పాయి. పాతకాలంలో మనుషులు చూసి రాసేవారు కదా, అవి నమ్మొచ్చా?

జవాబు
మనుషులు ఇంకా గొప్పగా తప్పుతారు! లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబర్ 13న 58 డిగ్రీలని రాశారు. తొంభై ఏళ్లు అదే ప్రపంచ రికార్డు. ప్రపంచ వాతావరణ సంస్థ పాత పట్టికలు తిరగేస్తే, ఆ రోజులకు ముందే చేతిరాత మారిందని, కొత్త మనిషి అంకెలను తప్పు గడుల్లో రాస్తున్నాడని బయటపడింది. ఆ రకం థర్మామీటర్‌లో చిన్న సూచిక ఉంటుంది. దాని కింది కొన చూడాల్సింది పోయి పై కొన చూసి ఉంటాడని నిపుణుల అంచనా. సుమారు 7 డిగ్రీల తేడా! 2012లో ఆ రికార్డు రద్దయింది. ఇప్పుడు పట్టికలో పైనున్నది అమెరికాలోని డెత్ వ్యాలీ, 1913 జూలై 10న 56.7. దాన్నీ శంకించేవాళ్లున్నారు.

ఇక మీ ఫోను. అది మీ ఊళ్లో కొలిచి చెప్పడం లేదు, చుట్టుపక్కల సమాచారంతో కంప్యూటర్ కట్టిన అంచనా అది.

ఇంట్లో కొలవాలంటే థర్మామీటర్‌ను ఉత్తరం వైపు వసారాలో, గోడకు ఆనకుండా, ఛాతీ ఎత్తున వేలాడదీయండి. కూలర్ గాలి తగలకూడదు. ఇరవై నిమిషాలు ఆగి చూడండి. నీళ్లలో ముంచదగ్గ రకమైతే, దంచిన మంచు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచండి. సున్నాకు దగ్గర్లో ఆగకపోతే మార్చేయండి.

ప్రశ్న
వసారాలో పెట్టాను, 45.5 వచ్చింది. కానీ మా మరిది ఒప్పుకోవడం లేదు. మిరప కల్లాల్లో పనిచేసేవాళ్లు నిలబడేది ఎండలోనే కదా, పెట్టెలో కాదు కదా అంటున్నాడు.

జవాబు
ఆ మాట మాత్రం నిజం. నీడలో కొలిచేది ఊరికీ ఊరికీ, ఏడాదికీ ఏడాదికీ పోల్చుకోవడానికి. ఎండలో ఒంటికి తగిలే సెగ అందులో లేదు. మన మైదానాల్లో నీడలో 45 దాటితే వడగాలి, 47 దాటితే తీవ్ర వడగాలి అని లెక్క. మీ 45.5 చాలు, కూలీలను పన్నెండు లోపే ఇంటికి పంపమని మీ మరిదికి చెప్పండి.

ప్రశ్న
చెప్పాను. మా అబ్బాయి ఫొటో కూడా తీసేశాడు. వాడే అలిగి అన్నం తినలేదు.