సూది గుచ్చుకుంది, పేషెంట్‌కి ఏముందో తెలియదు. ఇప్పుడు ఏం చేయాలి? (తిరుపతి)

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేస్తాను. ఇళ్ళకు వెళ్ళి బ్లడ్ శాంపిల్స్ తీసుకురావడం నా పని. నిన్న మధ్యాహ్నం పన్నెండు దాటాక కొర్లగుంట వైపు ఒక ఇంట్లో పెద్దాయనకి షుగర్ టెస్టుకని రక్తం తీశాను. సిరంజిలో నుంచి ట్యూబులోకి పోస్తుంటే ఆయనకి కళ్ళు తిరిగి నా మీదికి ఒరిగిపోయారు. ఆ కుదుపుకి సూది గ్లవ్‌లో నుంచి నా ఎడమ చూపుడు వేలిలోకి దిగింది. పైపైన గీరుకోవడం కాదు, లోపలికే దిగింది. గ్లవ్ తీసి చూస్తే రక్తం వచ్చింది.

కుళాయి కింద పెట్టి వేలిని గట్టిగా పిండాను, డెట్టాల్ పోశాను. మా ఓనర్‌కి చెబితే "ఈ ఫీల్డులో ఇవన్నీ మామూలే, ఏం కాదులే" అన్నాడు. ఈరోజు పొద్దున ల్యాబ్‌లో ఉన్న హెచ్‌ఐవీ ర్యాపిడ్ కిట్ మీద నా రక్తమే వేసి చూసుకున్నాను. సి అనే కంట్రోల్ గుర్తు దగ్గర ఒక్క గీతే వచ్చింది, అంటే నెగటివ్. అయినా టెన్షన్ తగ్గడం లేదు. ఆ పెద్దాయనకి ఏ జబ్బులున్నాయో నాకు తెలియదు, ఫారంలో షుగర్ అని మాత్రమే రాసి ఉంది.

నా భార్యకి ఇప్పుడు మూడో నెల. పలమనేరులో వాళ్ళ అమ్మ దగ్గర ఉంది. ఆదివారం నేను వెళ్ళాలి. నాకు నిజంగా ఎంత రిస్క్ ఉంది? మళ్ళీ టెస్ట్ ఎప్పుడు చేయించుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

మదనపల్లె వాసి

బ్రో, అనవసరంగా భయపడకు. పెద్ద వయసు ఆయనే కదా, ఆయనకి ఎందుకుంటుంది? మూడు నెలలు ఆగి టెస్ట్ చేయించుకో, అప్పుడే క్లియర్‌గా తెలుస్తుంది. అంతవరకు మర్చిపో.

పాత కౌన్సిలర్, చిత్తూరు

తమ్ముడూ, ఇది చదవగానే లేచి రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి బయలుదేరు. మిగతాది అక్కడ కూర్చున్నాక చదువుకో. మూడు నెలలు ఆగమన్న సలహా మాత్రం వినొద్దు. వచ్చిందో లేదో తేల్చే టెస్టుకి ఆగడం సరే. రాకుండా ఆపే మందుకి మాత్రం గడువుంది.

నేను ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టింగ్ కేంద్రంలో, కౌన్సిలర్‌గా చాలా ఏళ్ళు పని చేశాను. సూది గుచ్చుకుని మా దగ్గరికి వచ్చే స్టాఫ్‌లో ఎక్కువమంది నాలుగో రోజో ఐదో రోజో వచ్చేవాళ్ళు. అన్ని రోజులూ ఏం చేశారంటే, నాకు ఎంత రిస్క్ ఉంది అని ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నారు. వాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోయేది. అందుకే ఇంత తొందరపెడుతున్నా.

ఆ మందుని పీఈపీ అంటారు. సూది గుచ్చుకున్న 72 గంటల లోపు మొదలుపెట్టాలి. 72 గంటలు టైముంది కదా అని నిదానించకూడదు, మొదటి రెండు గంటల్లో వేసుకుంటే అన్నిటికన్నా మంచిది, గంట గడిచేకొద్దీ దాని బలం తగ్గుతూ వస్తుంది. ఇప్పటికి నీకు ముప్పై గంటలు దాటి ఉంటాయి. ఇంకా టైముంది, కానీ రేపు పొద్దున ఓపీకి వెళ్దాంలే అనుకోకు. ఇలాంటివాళ్ళ కోసం మొదటి డోసు క్యాజువాలిటీలో సిద్ధంగా ఉంచాలన్నది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) నియమం. "రక్తం తీస్తుండగా సూది గుచ్చుకుంది, పీఈపీ కావాలి" అని నేరుగా చెప్పు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. డ్యూటీ డాక్టర్ గాయం చూసి, వివరాలు అడిగి మందు మొదలుపెట్టాలో లేదో చెబుతారు. రోజుకి ఒకటే మాత్ర, 28 రోజులు. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు మందులు కలిసి ఉంటాయి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఇక రిస్క్ సంగతి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తంతో సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం సగటున వెయ్యిలో 3. ఆ పెద్దాయనకి హెచ్‌ఐవీ ఉంటేనే ఈ లెక్క. ఆయన మందులు సరిగ్గా వాడుతూ వైరస్ అదుపులో ఉన్న మనిషైతే ఇంకా తక్కువ. కానీ నీ విషయంలో రిస్క్ పెంచేవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. కుట్టు సూదిలా కాకుండా లోపల బోలుగా ఉండే సూది, అందులో అప్పుడే సిర నుంచి తీసిన తాజా రక్తం, పైగా లోతుగా దిగింది. ఇలాంటి గాయాల మీద 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో గాయం లోతుగా ఉండటం, సూదికి రక్తం కనిపించడం, సిరలో పెట్టి తీసిన సూది కావడం ప్రమాదాన్ని పెంచుతాయని తేలింది. జిడోవుడిన్ అనే ఒక్క మందు వాడినవాళ్ళలోనే సోకే అవకాశం 81 శాతం దాకా తగ్గిందని కూడా అందులోనే తేలింది. ఇప్పుడిచ్చే మందులు దానికంటే చాలా మెరుగైనవి.

పొద్దున నువ్వు చేసుకున్న టెస్ట్ వృథా కాదు. కొన్ని వారాల క్రితం దాకా నీకు హెచ్‌ఐవీ లేదని చెప్పడానికి అది పనికొస్తుంది. నిన్నటి సూది గురించి మాత్రం అదేమీ చెప్పదు. యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది, ర్యాపిడ్ కిట్ పట్టుకునేది వాటినే. కాబట్టి ఆ ఒక్క గీత చూసి ధైర్యపడి మందు మానుకోవద్దు. ఐసీటీసీలో మళ్ళీ బేస్‌లైన్ టెస్ట్ (తర్వాతి టెస్టులతో పోల్చుకునే మొదటి టెస్ట్) చేసి రికార్డులో రాస్తారు. తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు పిలుస్తారు.

పెద్దాయన ఎవరో నీకు తెలుసు, అది నీ అదృష్టం. చాలామందికి సూది ఎవరిదో కూడా తెలియదు. వాళ్ళింటికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఒకసారి ఐసీటీసీకి వచ్చి టెస్ట్ చేయించుకోమని బతిమాలుకో. ఆయన ఒప్పుకుంటేనే చేయాలి. మీ ల్యాబ్‌లో ఆయన శాంపిల్ ఉంది కదా అని చెప్పకుండా టెస్ట్ వేయొద్దు, 2017 హెచ్‌ఐవీ చట్టం దానికి ఒప్పుకోదు. ఆయనకి నెగటివ్ వస్తే డాక్టర్ చూసి నీ మందు మధ్యలోనే ఆపేయొచ్చు. ఆ రిపోర్ట్ వచ్చేదాకా మాత్రం నీ మొదటి మాత్ర ఆగకూడదు. పెద్ద వయసు కాబట్టి ఉండదు అని పైన ఒకాయన రాశారు. అరవై దాటినవాళ్ళ చేతికి కూడా నేను పాజిటివ్ రిపోర్టులు ఇచ్చాను. వయసుని బట్టి, ఇంటిని బట్టి అంచనా వేయడం ఎవరికీ మంచిది కాదు.

అందరూ మర్చిపోయేది హెపటైటిస్-బి. టీకా వేసుకోనివాళ్ళకి సూది ద్వారా అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీతో పోలిస్తే అది ఎన్నో రెట్లు. నువ్వు మూడు డోసులు వేసుకున్నావా? లేకపోతే ఈ రాత్రే క్యాజువాలిటీలో ఆ మాట కూడా చెప్పు. హెపటైటిస్-సి కి ముందు జాగ్రత్త మందు లేదు, టెస్ట్ చేసి చూస్తారు. ఒకవేళ వచ్చినా దాదాపు అందరికీ నయమయ్యే మందులు ఇప్పుడున్నాయి.

ఇంకొకటి, ఇకముందెప్పుడైనా ఇలా జరిగితే పిండొద్దు, డెట్టాల్ పోయొద్దు. పారే నీళ్ళలో సబ్బుతో కడిగితే చాలు. గట్టిగా పిండితే అక్కడి కండ ఇంకా నలుగుతుంది, దానివల్ల మేలేమీ లేదు.

బయలుదేరావా? చెప్పు.

స్టాఫ్ నర్స్, చిత్తూరు

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నేనూ ఒకసారి ఈ కోర్సు పూర్తిగా వాడాను. అప్పట్లో జిడోవుడిన్ ఉన్న మందు ఇచ్చారు, వాంతులతో డ్యూటీ చేయలేకపోయాను. ఇప్పుడిచ్చే మాత్ర దానికంటే చాలా తేలిక. మా వార్డులో ఈమధ్య వాడిన అమ్మాయికి మొదటి వారం కొంచెం వికారం, తలనొప్పి, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం తప్ప ఇంకేం లేదు. నిద్ర చెడితే పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడుగు.

గ్యాస్ ఉందని జెలూసిల్, డైజీన్ లాంటివి తాగే అలవాటుంటే జాగ్రత్త అన్నా. అవి డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్ర వాటికి 2 గంటల ముందు కానీ, 6 గంటల తర్వాత కానీ వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతుంటే అవి కూడా డాక్టర్‌కి చెప్పు. ఇంకో మాట, రెండు మూడు వారాలకు జ్వరం వస్తే వెంటనే హెచ్‌ఐవీ వచ్చేసిందని ఏడవకు. వానాకాలంలో మన ఊళ్ళల్లో జ్వరం రాని ఇల్లు ఏది? జ్వరం చూసి ఎవరూ చెప్పలేరు, టెస్టే చెప్పాలి.

పేరు చెప్పలేను

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నందుకు క్షమించండి. నాది సూది కాదు. ఒక ఆమెతో కలిసినప్పుడు కండోమ్ చిరిగింది. పది పన్నెండు రోజులైంది. నోట్లో పుండ్లు వచ్చాయి. నేను కూడా ఆ మందు వేసుకోవచ్చా?

పాత కౌన్సిలర్, చిత్తూరు

క్షమాపణ ఎందుకయ్యా, అడిగి మంచి పని చేశావు. 72 గంటలు దాటిపోయాయి కాబట్టి ఆ మందు ఇప్పుడు నీకు పని చేయదు. మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా వేసుకోవద్దు. నీ విషయంలో ఇక మిగిలింది టెస్టే. ఇప్పుడొకటి చేయించుకుంటే అంతకుముందు సంగతి తెలుస్తుంది. అసలైనది ఆ రోజు నుంచి 6 వారాలకు చేసేది. ఆ టెస్ట్ నెగటివ్ వస్తే చాలావరకు గుండె మీద బరువు దిగుతుంది. 3 నెలలకు మళ్ళీ నెగటివ్ వస్తే, మధ్యలో ఇంకేమీ జరగకపోతే, ఆ విషయం అంతటితో వదిలేయొచ్చు.

రిస్క్ సంగతి కూడా చెబుతున్నా. స్త్రీకి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడని స్థితిలో, కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే మగవాడికి సోకే అవకాశం పది వేలలో 4 అని అంచనా. అదే ఆడవాళ్ళకైతే పది వేలలో 8. మలద్వారం ద్వారా అయితే, చేయించుకునేవారికి ఇది పది వేలలో 138 దాకా వెళుతుంది. ఇవి సగటు లెక్కలు. పుండ్లు, సుఖవ్యాధులు ఉంటే పెరుగుతాయి. హెచ్‌ఐవీ ఉన్నా మందులు క్రమం తప్పకుండా వాడుతూ, రక్తంలో వైరస్ టెస్టుకి దొరకనంత తగ్గిపోయినవాళ్ళ నుంచి కలయిక ద్వారా సోకదు. ఇది గట్టిగా రుజువైన విషయం.

నోట్లో పుండ్లు టెన్షన్ వల్ల కూడా వస్తాయి, నిద్ర లేకపోయినా వస్తాయి. అద్దం ముందు నాలుక చూసుకోవడం ఆపు. సిఫిలిస్ టెస్ట్ మాత్రం తప్పకుండా చేయించు. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ చూస్తారు. 3 నెలల టెస్ట్ అయ్యేదాకా కండోమ్ వాడు, రక్తదానం చేయకు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చేయి, డబ్బులు పడవు.

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

అక్కా, రాత్రే రుయాకి వెళ్ళాను. మొదటి మాత్ర అక్కడే వేయించారు. ఈరోజు పొద్దున ఐసీటీసీలో రక్తం ఇచ్చాను, క్రియాటినిన్, హెపటైటిస్ టెస్టులకి కూడా తీసుకున్నారు. టీకా రెండు డోసులే వేసుకున్నానని చెబితే ఇంకో డోసు వేశారు. పెద్దాయన కొడుకుతో మాట్లాడాను. మొదట కోప్పడ్డాడు, తర్వాత రేపు తీసుకొస్తానన్నాడు. మీరందరూ లేకపోతే నేను నిజంగా మూడు నెలలు కూర్చునేవాణ్ణి. చాలా థ్యాంక్స్.

నా భార్యకి చెప్పాలా వద్దా అని నలిగిపోతున్నా. గర్భంతో ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకనిపిస్తోంది. ఓనర్‌ని ఏమైనా అడగొచ్చా?

పాత కౌన్సిలర్, చిత్తూరు

వెళ్ళావు కదా, అంతే చాలు తమ్ముడూ. చాలా సంతోషం.

ఆదివారం పలమనేరు వెళ్ళు. కలిసి తినడం, పక్కన పడుకోవడం, ముద్దు పెట్టుకోవడం, వీటివల్ల ఏమీ కాదు. కలయిక ఉంటే మాత్రం కండోమ్ ఉండాల్సిందే, డాక్టర్ ఫైనల్‌గా నెగటివ్ అని చెప్పేదాకా. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా హెచ్‌ఐవీ సోకితే బిడ్డకి వెళ్ళే ప్రమాదం ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఇప్పుడు కండోమ్ ఎందుకు అని ఆమె అడుగుతుంది. అప్పుడు అబద్ధం చెప్పేకంటే ముందే చెప్పడం నయం. ఇది నీ తప్పు వల్ల వచ్చింది కాదు, పనిలో జరిగింది. "సూది గుచ్చుకుంది, వెంటనే మందు మొదలుపెట్టారు, టెస్టులు జరుగుతున్నాయి" అని చెబితే నీకన్నా ఆమే ధైర్యంగా ఉంటుందేమో చూడు. ఆమెతో మాట్లాడటానికి ఇబ్బందైతే ఇద్దరూ ఐసీటీసీకి రండి, అక్కడి కౌన్సిలర్ చెబుతారు. గర్భిణులందరికీ ఎలాగూ హెచ్‌ఐవీ, సిఫిలిస్ టెస్ట్ చేస్తారు. ఆమెది ఇంకా కాకపోతే అది కూడా చేయించేయండి.

ఓనర్‌ని అడగొచ్చా అని కాదు, అడగాలి. రక్తంతో పని చేయించే ఏ సంస్థైనా గ్లవ్స్ లాంటి రక్షణ వస్తువులు, వాటి మీద ట్రైనింగ్, ప్రమాదం జరిగితే పీఈపీ ఇవ్వాలని 2017 చట్టమే చెబుతోంది. జరిగిన తేదీ, టైము, ఎలా జరిగిందో కాగితం మీద రాసి ఆయనతో సంతకం పెట్టించుకో. సిరంజితో తీసి ట్యూబులోకి పోసే పద్ధతి మానేసి రక్తం నేరుగా ట్యూబులోకే వచ్చే వ్యాక్యూటైనర్ ఇమ్మని అడుగు. వాడిన సూదులు వేయడానికి, గుచ్చుకున్నా చిల్లు పడని తెల్ల డబ్బా నీ బ్యాగులోనే ఉండాలి. సూదికి మళ్ళీ క్యాప్ పెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయి.

మాత్ర ఏ రోజూ మరిచిపోకు, ఫోన్‌లో అలారం పెట్టుకో. బాగా వికారంగా ఉంటే నీ అంతట నువ్వు ఆపకుండా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి చెప్పు, దానికి మందిస్తారు. హెపటైటిస్-బి తర్వాతి డోసు అవసరమా, ఎప్పుడు అన్నది ఆ రిపోర్టులు తీసుకునేటప్పుడే అడిగి చీటీ మీద రాయించుకో. పెద్దాయన రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయి, మందు కొనసాగించాలా అన్నది డాక్టర్‌ని ఏమని అడగాలో అప్పుడు చెబుతా.