అప్‌డేట్: మునిగిన కోఆపరేటివ్ బ్యాంకు, అమ్మ డిపాజిట్, డైరెక్టర్ల బాధ్యత

మా ఊరి అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయినప్పుడు ఇక్కడ రెండు ప్రశ్నలు అడిగాను: అమ్మ డబ్బు వస్తుందా, ఆ డైరెక్టర్లు తప్పించుకుంటారా అని. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అమ్మ పేరున వడ్డీతో కలిపి 6.4 లక్షలుంటే డిపాజిట్ ఇన్సూరెన్స్ (బ్యాంకు మునిగితే డిపాజిటర్లకు డబ్బిచ్చే బీమా) పరిమితి ప్రకారం 5 లక్షలే వచ్చాయి. అమ్మానాన్నల జాయింట్ డిపాజిట్ 3 లక్షలు మాత్రం పూర్తిగా వచ్చాయి. జాయింట్ ఖాతాను విడిగా లెక్కిస్తారని ఇక్కడ ఒకరు చెప్పిన మాటే మమ్మల్ని కాపాడింది. లిక్విడేటర్ (మూతపడ్డ బ్యాంకు ఆస్తులు, అప్పులు తేల్చే అధికారి) ఆఫీసులో క్లెయిమ్ ఇచ్చేటప్పుడు ఆధార్, పాన్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. అమ్మ ఇంటిపేరు తేడా వల్ల మాకు రెండు నెలలు ఆలస్యమైంది, ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

డైరెక్టర్ల గురించి లాయరు చెప్పింది ఇది. సహకార సంఘాల చట్టం 1964లో 51వ సెక్షన్ కింద విచారణ జరుగుతుంది. బాధ్యత తేలితే 60వ సెక్షన్ కింద సర్‌చార్జి (బ్యాంకుకు చేసిన నష్టాన్ని కట్టమనే ఆదేశం) వేసి వాళ్ల సొంత ఆస్తుల నుంచి రాబట్టవచ్చు. ఆ డబ్బు నేరుగా మనకు రాదు, బ్యాంకు ఖాతాకే చేరుతుంది. క్రిమినల్ కేసు వేరే దారి, అది శిక్ష కోసం. మా బ్యాంకులో బినామీ లోన్లపై విచారణ పూర్తయి, సర్‌చార్జి నోటీసులు వెళ్లాయి. సంతకాలు పెట్టినవాళ్లు జవాబు చెప్పాల్సిందే.

అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అధికారికి) పెట్టిన ఫిర్యాదు మాత్రం మాకు ఉపయోగపడలేదు. ఆ వ్యవస్థ ఉన్నది బ్యాంకు సేవల్లో లోపాల కోసం. మిగిలిన 1.4 లక్షలకు లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ ఇంకా పెండింగ్‌లో ఉంది.